అరవై ఒకటిన్నర

కేసు పిలవగానే టైలరమ్మ లేచి, సంచిలోంచి కాగితాల కట్ట తీసి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, "అమ్మా, ముందుగా మూడు విషయాలు మనవి చేసుకోవాలి" అంది.

"మూడేనా?" అన్నారు జడ్జిగారు.

అడగరూ మరి! పోయిన వాయిదాలో మూడని మొదలుపెట్టి పదకొండో విషయం దాకా వెళ్లింది ఈ మహాతల్లి. పన్నెండోది ఎత్తుకునేలోపు భోజనాల వేళ అయింది గనుక సరిపోయింది.

ఏడాదిగా తన కేసు తనే వాదించుకుంటోంది. లాయరుని పెట్టుకోలేక మొదలెట్టింది గానీ, పోనుపోనూ రుచి మరిగింది. కోర్టుకొచ్చే రోజు ఉతికిన బట్టలు కట్టుకుని, మంచి మంచి మాటలు దారి పొడుగునా కూడబలుక్కుంటూ వచ్చేది. ఇక్కడ ఆ మాటలు ఎవరు విన్నారంటే చెప్పడం కష్టం. లాయర్లున్న కేసులన్నీ ముందు పిలిచి, ఆవిడది చివర్న పిలిచేవాళ్లు. ఎదటి పక్షం కాగితం ఏదైనా దాఖలు చేస్తే దాని నకలు ఇవ్వమని గుమాస్తాని నాలుగుసార్లు అడగాల్సి వచ్చేది. "మీ లాయరుని పంపండి" అనేవాడు. "నేనేనయ్యా నా లాయరుని" అంటే ఎగాదిగా చూసేవాడు.

తగువల్లా ఒక తలుపు గురించి. ఆవిడ కుట్టు షాపుకీ, పక్కనున్న రంగుల షాపుకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. షాపు తలుపు ఆ సందులోకే తెరుచుకుంటుంది. వీధి వైపు పై అంతస్తుకి పోయే మెట్లు అడ్డం, అటు తలుపు పెట్టే చోటే లేదు. ఆ ఉన్న ఒక్క తలుపూ ఇటుకలు పెట్టి మూసేయించమని రంగుల షాపాయన దావా వేశాడు. పాత పంపకాల కాగితంలో రెండు స్థలాలూ చెరి ఇరవై అడుగులు, మధ్య సందు ఉమ్మడి అని ఉంది. దాని కిందే, ఎవరైనా సందులోకి జరిగి గోడ కట్టుకుంటే వాళ్లకిక సందు మీద హక్కు లేదని కూడా ఉంది. తలుపు పోతే షాపు పోయినట్టే. ఇది అందరికంటే టైలరమ్మకి బాగా తెలుసు.

"అమ్మా, ఇవాళ మూడు విషయాలూ అక్కర్లేదు, ఒక్కటి చాలు" అంటూ లేచాడు రంగుల షాపాయన తరఫు పెద్ద లాయరు. మనిషీ పెద్దే, గొంతూ పెద్దదే. "ప్రతివాది దాఖలు చేసుకున్న జవాబు, మూడో పేజీ. తన చేతిరాతతో 'నా షాపు వెడల్పు ఇరవై అడుగుల ఆరంగుళాలు, నేనే స్వయంగా కొలిచాను' అని రాసుకుంది. కాగితం ప్రకారం ఉండాల్సింది ఇరవై. ఆ ఆరంగుళాలు ఎక్కడివండీ? సందులోవి! తనంతట తను ఒప్పుకున్నాక మళ్లీ రుజువులెందుకు? తీర్పు ఇప్పించండి."

జడ్జిగారు మూడో పేజీ తీశారు. "ఇది మీరు రాసిందేనా?"

"నేనే రాశానమ్మా."

"కొలిచింది?"

"నేనే. ముప్పై ఏళ్లుగా టేపు పట్టిన చెయ్యమ్మా ఇది. నా కొలత తప్పిందన్నవాళ్లు ఇంతవరకూ లేరు" అంది టైలరమ్మ గర్వంగా. పెద్ద లాయరు చిరునవ్వు నవ్వుతూ కూర్చోవడం చూశాక గానీ, తన గొయ్యి తనే తవ్వుకున్నానని ఆవిడకి అర్థం కాలేదు. చేతిలో కాగితాలు వరస తప్పాయి.

జడ్జిగారు కలం పక్కన పెట్టారు. "మీకు లాయరుంటే బాగుంటుంది."

"నా మాట నేను చెప్పుకోలేనామ్మా?"

"చెప్పుకోగలరు. అదే నా భయం."

హాలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వకుండా వెనక బెంచీ వైపు చూశారు. అక్కడ ఒకాయన ఎవరిదో దస్తావేజు ఒళ్లో పెట్టుకుని తలొంచి రాసుకుంటున్నాడు. "మీరే. ఉచిత సహాయం చేసే లాయర్ల జాబితాలో మీ పేరుంది కదూ?"

ఆయన గబుక్కున లేచాడు. కలం కింద పడింది. ఏదో అన్నాడు. పెదాలు కదిలాయే గానీ ఎవరికీ వినపడలేదు.

"కాస్త గట్టిగా."

"ఉందండీ."

"ఈవిడ కేసు మీరు చూడండి. ఫీజు సంగతి కోర్టు చూసుకుంటుంది. గురువారం ఇద్దరూ రండి."

వరండాలో టైలరమ్మ తన లాయరుని పైనుంచి కిందికి చూసింది. నల్లకోటు భుజాల మీంచి జారిపోతోంది, చేతులు వేళ్ల దాకా వచ్చాయి. ఎవరిదో కోటు తెచ్చుకుని తొడుక్కున్నట్టుంది. ఇలాంటి కుట్టు కళ్లబడితే ఆవిడకి ఒళ్లు మండిపోతుంది.

"ఏమండీ, మీరు ఆఖరుసారి కోర్టులో వాదించింది ఎప్పుడు?"

"పదకొండేళ్లయిందమ్మా."

"గెలిచారా?"

"రాజీ అయింది" అన్నాడాయన. తర్వాత, దస్తావేజులు రాసుకుని బతుకుతానని, కాగితం చదవడం ఒక్కటే తనకి వచ్చిన విద్య అని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఏమీ సిగ్గుపడలేదు. "రేపు షాపుకొస్తాను. కాగితాలన్నీ చూడాలి. ఇంకో మాట. గురువారం మీరు మాట్లాడకూడదు."

"ఎక్కువ మాట్లాడకూడదా?"

"అసలు మాట్లాడకూడదు."

మర్నాడు పొద్దున్న కాజాలు కుడుతూ ఆడపడుచు ఈ కథంతా విని పడీ పడీ నవ్వింది. "నోరు కుట్టేసుకోమన్నాడా వదినా? ఏ రంగు దారం తియ్యమంటావు?"

"నవ్వు, నవ్వు. తలుపు మూసేస్తే నువ్వూ నేనూ కిటికీలోంచి దూరాలి. అప్పుడు తెలుస్తుంది" అంది టైలరమ్మ. మిషను తొక్కుతోంది గానీ మనసు కుట్టు మీద లేదు. ఒక చొక్కాకి జేబు తిరగేసి కుట్టి, నాలిక కరుచుకుని మళ్లీ విప్పింది.

లాయరు తలొంచుకుని లోపలికొచ్చి, గుడ్డపేలికలు పక్కకి జరిపి స్టూలు మీద కూర్చున్నాడు. వచ్చీ రాగానే ఆవిడ, "ముందు ఆ కోటిప్పండి" అంది.

"ఎందుకమ్మా?"

"ఇప్పండంటే ఇప్పండి. ఆ భుజాలతో మీరు నా కేసు వాదిస్తే జడ్జిగారికి నా మీద కూడా నమ్మకం పోతుంది."

కోటు చేతికిచ్చి ఆయన చదవడం మొదలుపెట్టాడు. వేలు పెట్టి, పదం పదం, వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి. పంపకాల కాగితం చదివాడు, దావా చదివాడు, ఆవిడ జవాబు రెండుసార్లు చదివాడు. ఈలోగా టైలరమ్మ భుజం కుట్టు విప్పి, సుద్దముక్కతో గీతలు గీసి, ఎక్కువైన గుడ్డ లోపలికి మడిచి మళ్లీ కుట్టేసింది. ఆయనింకా చదువుతూనే ఉన్నాడు. ఈయన గురువారానికైనా తల ఎత్తుతాడా అని ఆడపడుచు కనుసైగ చేసింది.

చివరికి తల ఎత్తాడు. "ఈ గోడ ఎలా కొలిచారమ్మా?"

"ఇదిగో, ఈ టేపుతోనే. మా ఆడపడుచు ఆ చివర పట్టుకుంది. సరిగ్గా నాలుగు టేపులు పడింది."

"ఎక్కడైనా రాసుకున్నారా?"

"రాసుకోకుండా ఎలా కొలుస్తానండీ!" పై అరలోంచి కొలతల పుస్తకాలు దించింది. ముప్పై ఏళ్ల పుస్తకాలు. పోయినేడాది పుస్తకంలో, ఒక పిల్ల గౌనుకీ ఒక ముసలాయన పైజామాకీ మధ్య గోడ దొరికింది. పైన 'షాపు గోడ' అని రాసి, కింద వరసగా నాలుగు అంకెలు. అరవై ఒకటిన్నర, అరవై ఒకటిన్నర, అరవై ఒకటిన్నర, అరవై ఒకటిన్నర. అడుగున గీత గీసి మొత్తం రెండు వందల నలభై ఆరు అంగుళాలు.

లాయరు ఆ పేజీని చాలాసేపు చూశాడు. ఆవిడ మెడలో వేలాడుతున్న టేపు ఇమ్మన్నాడు. ఒక చివర నుంచి వేళ్ల మధ్య జార్చుకుంటూ రెండో చివర దాకా వచ్చి, ఇత్తడి ముక్క దగ్గర ఆగాడు.

"అమ్మా, ఈ టేపు అరవై అంగుళాలతో అయిపోయింది కదా. మిగతా ఒకటిన్నర ఎక్కడ కొలిచారు?"

టైలరమ్మ నోరు తెరిచింది. టేపు చూసింది, పుస్తకం చూసింది, మళ్లీ టేపు చూసింది.

ముందు అర్థమయింది ఆడపడుచుకి. చేతిలో చొక్కా కింద పడేసి, "వదినా! గోడకి కూడా లూజు వదిలావా!" అని పొట్ట పట్టుకుంది.

వదిలింది. ఎవరి ఛాతీ కొలిచినా, ఎవరి నడుము కొలిచినా, కంటికి కనపడిన అంకెకి ఒకటిన్నర కలిపి రాయడం ఆవిడ చేతికి అలవాటు. గుడ్డ ఉతికితే తగ్గుతుంది, మనిషి తింటే పెరుగుతాడు. కత్తిరించేటప్పుడు మళ్లీ కలుపుకోనక్కర్లేకుండా రాసేటప్పుడే కలిపేస్తుంది. ఆ చెయ్యి ముప్పై ఏళ్లలో ఉన్న అంకెని ఉన్నట్టు ఒక్కసారీ రాసి ఎరగదు. గోడ ఉతికితే తగ్గదనీ, లావెక్కదనీ దానికెవరు చెప్తారు?

ఆవిడకి తల కొట్టేసినట్టయింది. ఏడాదిగా జడ్జిగారి ముందు నా కొలత, నా కొలత అని రొమ్ము విరుచుకుని చెప్పిన మాటలన్నీ చెవుల్లో గింగురుమన్నాయి. ఎవరో కుట్ర చేసి చెరిపిన కేసు కాదు, తనే చెరుపుకుంది. కాసేపు మిషను మీద మోచేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. ఆడపడుచు నవ్వు ఆపేసి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"అయితే మంచిదే కదండీ" అంది టైలరమ్మ కాసేపటికి తేరుకుని. "ఈ పుస్తకం చూపించేద్దాం. అయిపోయింది."

"నిన్న రాసుకొచ్చారంటారు."

"మళ్లీ కొలిపించమందాం. కోర్టువాళ్లనే కొలుచుకోమందాం."

"అదే అడగాలి. కానీ ఒకసారి ఒప్పుకున్నది పొరపాటని ముందు నమ్మించాలమ్మా. అప్పుడే కొలవనిస్తారు. మనం చెప్తే నమ్మరు, మనకి కావలసిన మాట కాబట్టి."

"మరెవరు చెప్తే నమ్ముతారు?"

ఆయన తలుపులోంచి సందులోకి చూస్తున్నాడు. రంగుల షాపాయన డబ్బాలు మోసుకుపోతూ, వేళ్ల మీదికి జారిన చొక్కా చేతుల్ని విసుగ్గా పైకి లాక్కుంటున్నాడు. ఈవైపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఆయన చొక్కాలు ఎక్కడ కుట్టిస్తారు?"

"ఇంకెక్కడ, నా దగ్గరే. పెళ్లికి కూడా నేనే కుట్టాను. దావా వేశాక రావడం మానేశాడు, ఉన్నవే తొడుక్కుంటున్నాడు పాపం."

లాయరు తన కాగితం మీద ఒక ముక్క రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఏం రాశారని ఎంత అడిగినా చెప్పలేదు. "మీకు తెలిస్తే మీ మొహంలో కనపడుతుందమ్మా" అని, సరిపోయిన కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు.

"నా లాయరు నాకే చెప్పడా?" అని ఆవిడ బుధవారమంతా ఉడికిపోయింది. ఎదటివాళ్ల చొక్కాల గురించి అడిగే లాయరుని నమ్ముకుంటే తలుపు దక్కినట్టే! ఎందుకైనా మంచిదని మధ్యాహ్నం పని ఆపి కూర్చుని, తను చెప్పాల్సిన మాటలు నాలుగు పేజీలు రాసి, ఆడపడుచుకి చదివి వినిపించింది. ఆడపడుచు రెండో పేజీలో కునికిపాట్లు పడింది.

గురువారం టైలరమ్మ తరఫు నెమ్మది లాయరు లేచి మాట్లాడుతుంటే టైపిస్టు చేతులెత్తేసింది. "వినపడట్లేదండీ." జడ్జిగారు ఫ్యాన్లు ఆపించారు. దాంతో హాల్లో అందరికీ చెమటలు పట్టాయి, ఏం చెప్తున్నాడో అని అందరూ ముందుకి వంగారు. పెద్ద లాయరు కూడా చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

రంగుల షాపాయన బోనులో ఉన్నాడు.

"ఈ చొక్కా ఎవరు కుట్టారండీ?"

"చొక్కాకీ సందుకీ ఏం సంబంధం?" అని పెద్ద లాయరు గర్జించాడు. ఫ్యాన్లు లేకపోవడంతో ఆ గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వినపడి, ఆయనకే ఎబ్బెట్టుగా అనిపించి కూర్చున్నాడు. చెప్పమన్నారు జడ్జిగారు.

"ఆవిడే. దావాకి ముందు."

"ఎన్నేళ్లుగా కుట్టిస్తున్నారు?"

"ఇరవై ఏళ్లయి ఉంటుంది."

"బాగా కుదురుతాయా?"

అంతే. పుండు మీద వేలు పెట్టినట్టయింది రంగుల షాపాయనకి. "ఎక్కడ కుదురుతాయండీ బాబూ! చూడండి ఈ చేతులు, చూడండి ఈ భుజం. ఒంటికి పట్టినట్టు కుట్టమ్మా తల్లీ అని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. వింటేగా!"

టైలరమ్మ సగం లేచింది. భుజం జారడం కాదు, ఆ మనిషే గూని పెట్టుకుని నడుస్తాడని చెప్పాలి కదా! లాయరు వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి కిందికి ఊపాడు. ఆవిడ పళ్లు బిగబట్టుకుని కూలబడింది.

"అయితే కొలత సరిగా తీయరన్నమాట."

"అబ్బే, అబద్ధమెందుకు చెప్పాలి, కొలత బాగానే తీస్తుంది. టేపు మీద నలభై ఉంటుంది, నా కళ్లతో నేను చూస్తాను. పుస్తకంలో నలభై ఒకటిన్నర వేస్తుంది. ఇదేమిటమ్మా అంటే, మీరు లావెక్కుతారు అంటుంది. ఇరవై ఏళ్లయింది, నేను లావెక్కలేదండీ!"

టైపిస్టు నవ్వాపుకోలేక వేళ్లు తీసేసింది. గుమాస్తా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఎప్పుడైనా, ఒక్కసారైనా, ఉన్న కొలత ఉన్నట్టు రాశారా?"

"ఒక్కసారి రాస్తే ఒట్టు! ఏది కొలిచినా అంతే. ఆవిడ చేతికి అదో అల..."

ఆగిపోయాడు. తన లాయరు వైపు చూశాడు. పెద్ద లాయరు ఏదో కాగితం వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి వంగాడు.

నెమ్మది లాయరు కొలతల పుస్తకం, టేపు తీసుకెళ్లి జడ్జిగారి ముందు పెట్టాడు. జడ్జిగారు నాలుగు అంకెలూ చదివి, టేపు చివర చూసి, మళ్లీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "రేపు సర్వేయరు వెళ్లి కొలుస్తాడు" అన్నారు.

శుక్రవారం సర్వేయరు ఉక్కు టేపుతో వచ్చాడు. ఒక చివర ఆడపడుచు పట్టుకుంటానంటే రంగుల షాపాయన ఒప్పుకోలేదు, తనే పట్టుకున్నాడు. ఇరవై అడుగులు. పైన ఒక్క నూలు లేదు. సందు నాలుగడుగులు. సర్వేయరు 'ఇరవై' అని రాస్తుంటే ఆయన భుజం మీంచి తొంగి చూసి, "అంతే రాస్తారా?" అంది టైలరమ్మ. ఆడపడుచు గట్టిగా గిల్లింది. రంగుల షాపాయన టేపు వదిలేసి, తన డబ్బాల్లోకి వెళ్లిపోయాడు.

ఇక గెలిచినట్టే అనుకుని ఆవిడ సోమవారం హాయిగా కోర్టుకెళ్లింది. పెద్ద లాయరు అంత తేలిగ్గా వదిలే రకమా?

"కొలత ఇరవయ్యే కావచ్చు. కానీ ఏడాదిగా ఈ కోర్టుకి తప్పు అంకె చెప్పింది ఎవరు? నా కొలత తప్పదని బల్ల గుద్ది చెప్పింది ఎవరు? టేపు మీద ఉన్నదొకటి, పుస్తకంలో రాసేదొకటి. ఇలాంటి మనిషి ఏ మాటని నమ్ముతాం? ఇవాళ అంకె పెంచిన చెయ్యి రేపు గోడ జరపదని ఎవరు హామీ?"

టైలరమ్మ మొహం కందగడ్డయింది. దొంగలెక్కల మనిషిని చేసేశాడు తనని. ఇంతమంది ముందు.

నెమ్మది లాయరు లేచాడు. ఫ్యాన్లు ఆపమని ఎవరూ చెప్పకుండానే గుమాస్తా వెళ్లి ఆపాడు.

"ఆవిడ కొలత తప్పలేదండీ. రాత తప్పింది" అన్నాడు. "నేను ఇరవై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. కాగితంలో అంగుళం పెంచుకునేవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లందరూ తమకోసం పెంచుకుంటారు. ఈవిడ పుస్తకాలు ముప్పై ఏళ్లవి ఉన్నాయి, నేను ఆదివారం కూర్చుని తిరగేశాను. ప్రతి పేజీలోనూ పెంచింది ఎదటి మనిషి కోసమే. ఊపిరాడాలని, చెయ్యి ఎత్తితే పట్టెయ్యకూడదని. ఆ చెయ్యి పక్కవాడి సందులోకి జరిగే చెయ్యి కాదు."

కూర్చున్నాడు.

జడ్జిగారు కొంచెంసేపు రాసుకుని తలెత్తారు. "ప్రతివాది తన తరఫున ఇంకేమైనా చెప్పుకుంటారా?"

టైలరమ్మ లేచింది. హాల్లో అందరూ సర్దుకుని కూర్చున్నారు. పెద్ద లాయరు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడకి చెప్పాల్సింది బోలెడుంది. చివర్న పిలవడం గురించి ఉంది, నకళ్ల గురించి ఉంది, తలుపు మూస్తారట కదా అని వెనక్కి పోయిన గిరాకీల గురించి ఉంది. ఏడాది పాటు ఎన్ని రకాలుగా చెప్పుకుంది! తన గురించి ఈ ఒక్క సంగతి మాత్రం తనకెప్పుడూ తోచలేదు. తోచినా తన నోటితో తను చెప్పుకోగలదా?

పక్కన కూర్చున్న మనిషిని చూపించింది.

"ఏం లేదమ్మా. మా లాయరుగారు చెప్పారు."

జడ్జిగారు ఇంకేమైనా వస్తుందేమోనని కొద్దిసేపు ఎదురుచూశారు. రాలేదు. అప్పుడు టైపిస్టు వైపు తిరిగి, దావా కొట్టివేయడమైనదని, తలుపు ఉన్నచోటే ఉంటుందని చెప్పడం మొదలుపెట్టారు. టైలరమ్మ కూర్చోవడం మర్చిపోయి, చివరి మాట దాకా అలాగే నిలబడి విన్నది.